రాగిరేకు దక్కింది, బాణీ దక్కలేదు

నవంబరు మొదటి గురువారం ప్రపంచ డిజిటల్ పరిరక్షణ దినం. ఆ సందర్భంగా పాత ఫైళ్లు, టేపులు, పుస్తకాల స్కాన్లు కాపాడే పనిలో ఉన్నవాళ్లంతా హైదరాబాద్‌లో ఒక పూట కలిశారు. గ్రంథాలయాల వాళ్లు, పత్రికల లైబ్రరీల వాళ్లు, సొంత డబ్బుతో ఇంట్లో స్కానర్ పెట్టుకున్నవాళ్లు. కార్యక్రమ పత్రంలో ప్రసంగాలు రెండే ఉన్నాయి. మిగతా సమయమంతా ‘పరిచయాలు’. అది చూడగానే ఈ వ్యాసకర్తకు చిర్రెత్తుకొచ్చింది. పని కొండంత ఉండగా విజిటింగ్ కార్డులు మార్చుకోవడానికి ఇంత సమయమా?

ఈ కాలమ్ వదలకుండా చదివేవారికి ఆ చిరాకు ఎక్కడిదో తెలుసు. రాసిన వస్తువు గట్టిదైతే రాత నిలుస్తుందని ఇక్కడ ఎన్నోసార్లు వాదించడం, సాక్ష్యానికి ప్రతిసారీ తిరుమల వెళ్లడం మామూలే. అన్నమయ్య సంకీర్తనలను కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించబట్టే కదా, శతాబ్దాలపాటు చీకటి గదిలో ఉన్నా వాటికి చెద పట్టలేదు! ఈ కాలపు రాగిరేకు అంటే మంచి ఫార్మాట్, మూడు చోట్ల మూడు కాపీలు, ఒక్క బిట్ మారినా పట్టిచ్చే చెక్‌సమ్. వాటికి మనుషుల ముచ్చట్లతో పనేముంది?

టీ విరామంలో ఓ పత్రిక లైబ్రరీ నుంచి వచ్చిన ఆమె సంచిలోంచి సీడీ తీశారు. కవర్ మీద స్కెచ్ పెన్‌తో ‘దీపావళి సంచిక 1998’ అని రాసి ఉంది. లోపల పేజ్‌మేకర్ ఫైళ్లు. కాపీలు మూడున్నాయి, చెక్‌సమ్ సరిపోయింది. ఎలాగో అందులోని పాఠాన్ని బయటికి తీస్తే తెలుగు మాత్రం లేదు. పొంతన లేని ఇంగ్లిషు అక్షరాలు, మధ్యమధ్య డాలరు గుర్తులు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లోనే మన గుణింతాలను, వత్తులను కూర్చుకునేవి. ఏ ఫాంటు దారి దానిదే.

పక్కనే నిలబడ్డ పెద్దాయన, ఒకప్పటి డీటీపీ ఆపరేటర్, తెరకేసి వంగి చూశారు.

“ఇది పాత వెర్షనమ్మా. కొత్తది వేస్తే వత్తులన్నీ చెదిరిపోతాయి. ఏ గుర్తుకు ఏ అక్షరమో నా దగ్గర చార్టుంది, పంపిస్తాను.”

ఆమె తన కార్డు వెనక ఆయన ఫోన్ నంబరు రాసుకున్నారు.

రాగిరేకుల కథలో ఈ కాలమ్ ఎప్పుడూ చెప్పకుండా దాటేసిన భాగం ఒకటుంది. 1922 తర్వాత అవి వెలుగులోకి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వాటి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2,000కు పైగా రేకులు. పాటకు రాగం పేరుంది, స్వరం లేదు. ఎలా పాడాలో పాడేవాళ్ల నోళ్లలో ఉండేది. ఆ పరంపర ఎక్కడో తెగిపోయింది. రాళ్లపల్లివారు ఎన్నో కీర్తనలకు మళ్లీ స్వరాలు కట్టాల్సి వచ్చింది. ఇవాళ ఇంటింటా వినిపించే ఆ పాటల్లో మాటలు అన్నమయ్యవి, బాణీలు చాలావరకు ఈ కాలపు వాళ్లవి. రాగి తన మీది అక్షరాలను కాపాడినా బాణీని కాపాడలేకపోయింది. అది ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు అందాల్సిన సొత్తు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతీ అలాంటిదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి పూనికతో సాగిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టు పుణ్యమా అని వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయి ఆ లైబ్రరీ సైటులోకి చేరాయి. తర్వాత ఆ సైటు అందకుండా పోయింది. అయినా ఆ పుస్తకాలను ఇవాళ చదవగలుగుతున్నామంటే, పట్టించుకునేవాళ్లు ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చబట్టే.

సాయంత్రం మెట్లు దిగుతుంటే ఈ వ్యాసకర్తకు అనిపించింది ఒకటే: ఆ రెండు ప్రసంగాలు కూడా తీసేసి, పూటంతా పరిచయాలకే వదిలేయాల్సింది.

1990లలో విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో, ఇంకే ఊళ్లోనో తెలుగు డీటీపీ చేసినవారు ఇది చదువుతుంటే ఒక్క సాయం చేయండి. అటక మీది సీడీలు దింపి, కవర్ల మీద ఫాంటు పేరు, వెర్షను, కీబోర్డు లేఅవుటు రాయండి. కింద మీ ఫోన్ నంబరు కూడా.