బొమ్మ కింది మాట

ఈ వారం ఫోన్ల మీద ఫోన్లు దాటొచ్చిన ఒక బాపు కార్టూన్ చూస్తే ఒళ్ళు మండింది. బొమ్మ అలాగే ఉంది. దాని కింద ఆయన చేత్తో రాసిన మాటలు చెరిపేసి, ఎవరో టైపు కొట్టి అతికించారు. చదవడానికి సుఖంగా ఉంటుందనుకున్నారు కాబోలు.

వ్యాఖ్య లేని కార్టూనే కార్టూన్ అన్నది ఈ కాలమ్ పాత పాట. దానికి ఎప్పుడూ పిలిచే సాక్షి జయదేవ్. చెన్నైలో జువాలజీ పాఠాలు చెబుతూ బొమ్మలు గీసిన మాస్టారు. మాటల్లేని ఆయన బొమ్మలు తెలుగు రానివాళ్ళకూ అందుతాయి. ఆ లెక్కన కింది మాట ఏ అచ్చులో ఉంటేనేం?

అలా సరిపెట్టుకోనివ్వని మనిషి రాగతి పండరి.

విశాఖపట్నం అమ్మాయి. చిన్నతనంలోనే పోలియో. జయదేవ్‌ను గురువుగా తలచి గీయడం మొదలుపెట్టారు. తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టు అంటారు ఆమెను. ఆ ‘మహిళా’ తీసేసినా ఆమె పీట ఎక్కడికీ కదలదు. వారపత్రికల కాలంలో కార్టూన్ వేయడానికి ఇండియన్ ఇంకు, పాళీ, దళసరి కాగితం, స్టాంపు అంటించిన తిరుగు కవరు ఉంటే చాలు. పత్రికాఫీసు గడప తొక్కకుండానే ఏళ్ళ తరబడి అచ్చులో కనిపించవచ్చు. నడక కష్టమైనవాళ్ళకు ఇంతకంటే అనువైన కళ ఏముంది?

రాజకీయాలూ గీశారు గానీ, ఆమె అసలు బలం ఇల్లు. మొగుడూ పెళ్ళాలు, ఇరుగమ్మలు, పొరుగమ్మలు. వాళ్ళు నోరు మూసుకుంటే కార్టూనే లేదు. గురువు మాటలు తీసేసి గెలిచారు, శిష్యురాలు మాటలతోనే గెలిచారు. 2015లో, యాభై నిండకుండానే వెళ్ళిపోయారు.

బాపు సంగతీ అంతే. లా చదివి, ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేసిన ఆ చేతికి బొమ్మ వేరు, అక్షరం వేరు కాదు. జడ వంపు తిప్పిన కుంచే కొమ్మునూ తిప్పింది. ఆయన రాత తర్వాత కంప్యూటర్ ఫాంటు అయింది, శుభలేఖల మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ ఫాంటులో ప్రతి ‘అ’ ఒకటే. చేతిరాతలో కోపంగా అన్న మాటకూ గొణిగిన మాటకూ తేడా కంటికి తెలుస్తుంది. మాట కూడా గీతే.

పండరి బొమ్మలు మళ్ళీ అచ్చు వేయాలి. వేసేవాళ్ళు ఆమె రాసిన వ్యాఖ్యను బొమ్మతో పాటే స్కాన్ చేయాలి. అక్షరం మసకబారితే పక్కన చిన్న టైపులో మళ్ళీ ఇవ్వవచ్చు.

అసలు రాతను మాత్రం ముట్టుకోకూడదు.