మీటింగు చీర

ఆదివారంనాడు ఆబిడ్స్‌లో షాపులు మూసేస్తే వాటిముందు ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలు పరుస్తారు. మీలో చాలామంది బేరమాడే వుంటారు. అక్కడ నాకు జాన్ మొల్లాయ్ అనే అమెరికా ఆయన 1977లో రాసిన పుస్తకం ఒకటి దొరికింది. ఆడవాళ్ళు ఉద్యోగంలో పైకి రావాలంటే ఏం తొడుక్కోవాలో చెప్పే పుస్తకం. అంతకు రెండేళ్ళ ముందు మగవాళ్ళకోసం ఒకటి రాశాడు. అది బాగా అమ్ముడుపోయేసరికి ఇక మనమీద పడ్డాడన్నమాట. మావారు నాలుగు పేజీలు తిరగేసి, "బట్టల బిల్లు ఎవరికి పంపాలిట?" అని నా చేతికిచ్చేశారు.

మొల్లాయ్ చెప్పేదల్లా ఒకటే. స్కర్టు, దానికి జత అయిన కోటు, లోపల బ్లౌజు. ఆఫీసుకి వెళ్ళే ఆడవాళ్ళంతా దీన్నే యూనిఫారంలా పట్టుకోవాలంటాడు. రకరకాల దుస్తుల్ని జనానికి చూపించి, వాళ్ళేమనుకున్నారో అడిగి తేల్చానంటాడు. మన ఎండల్లో కోటు తొడుక్కుని నాంపల్లి స్టేషను దగ్గర ఆటో కోసం నుంచోవాలంటే ఎలా వుంటుందో ఆయనకేం తెలుసు! నవ్వేసి పక్కన పడేయడం చాలా తేలిక. పైగా ఆ స్టేషను రోడ్డులోనే సరోజినీదేవిగారి 'గోల్డెన్ త్రెషోల్డ్' వుంది. ఆవిడ 1925లో కాన్పూరు కాంగ్రెసుకి అధ్యక్షత వహించారు. స్కర్టూ కోటూ వేసుకుని కాదు కదా.

అయినా నాకు ఆ పుస్తకాన్ని పూర్తిగా కొట్టిపారేయబుద్ధి కాలేదు. ఎందుకో చెబుతాను.

మా ఆడపడుచు కూతురు ఒక కంపెనీలో పనిచేస్తోంది. మొన్న బయటినుంచి వచ్చే ఖాతాదార్లతో పెద్ద మీటింగు వుందని అందరికీ కాగితం పంపారు. మగవాళ్ళకి ఏం రాశారో చూడండి: కోటు, టై, నల్ల బూట్లు. ఆడవాళ్ళకి: డీసెంట్‌గా, హుందాగా, అతి లేకుండా. అంతే! మగవాళ్ళకి నామవాచకాలిచ్చి, ఆడవాళ్ళకి విశేషణాలిచ్చారు. కోటు బజారులో దొరుకుతుంది. హుందా ఏ కొట్లో అమ్ముతారండీ?

పిల్ల బీరువా ముందు కూచుని ఒకటే హైరానా. "అత్తయ్యా, పట్టుచీర కడితే పెళ్ళికొచ్చావా అంటారు. నేతచీర కడితే ఏమిటింత సాదాగా వచ్చావంటారు. చుడీదార్ వేస్తే కాలేజీ పిల్లలా వున్నానంటారు. పాంటూ షర్టూ వేస్తే ఇంకేదో అంటారు" అంది. నిజమే మరి. నామవాచకాన్ని పాటించామో లేదో మనకే తెలుస్తుంది. విశేషణాన్ని పాటించామో లేదో ఎదుటివాడు చెప్పాలి. అదీ మీటింగయ్యాక, మనం లేనప్పుడు.

ఈ లెక్కన మొల్లాయే నయం. ఆయన ఆడవాళ్ళ చేతికీ ఒక నామవాచకం ఇచ్చాడు. నాకు నచ్చనిది వేరే వుంది. చూసేవాళ్ళు ఏమనుకుంటారో అడిగాడు గానీ, వాళ్ళెందుకలా అనుకోవాలి అని అడగలేదు. నాంపల్లిలోనే ఒక ఆఫీసులో, పేరెందుకు లెండి, ఫైలు పట్టుకుని నుంచున్న నన్ను చూసి, "అమ్మా, టీ పంపించు" అన్నాడొక పెద్దమనిషి. నేను వెళ్ళింది ఆయన సంతకం కోసం కాదు, ఆయన చేత లెక్క చెప్పించుకోడానికి. మొల్లాయ్ అయితే నీ చీర మార్చుకో అంటాడు. ఆ పెద్దమనిషి అలవాటు మార్చమని మాత్రం ఎక్కడా అనడు.

మనం చీరలు కొనుక్కునే ఆబిడ్స్‌కి ఆ పేరెలా వచ్చిందో తెలుసా? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆల్బర్ట్ ఆబిడ్ అని ఒక ఆర్మీనియన్ కొలువు చేశాడు. ప్రభువుగారి దుస్తులు చూసుకోవడమే ఆయన పని. తర్వాత ఇక్కడ దుకాణం పెట్టాడు, పేటంతటికీ ఆయన పేరే నిలిచింది. నిజాంగారు ఒకసారి తొడిగింది మళ్ళీ తొడిగేవారు కాదట. ఆయన విడిచినవాటినే ఆబిడ్ దొర తిరిగి ఆయనకే అమ్మేవాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దుస్తులకోసం కట్టించిన రెండంతస్తుల చెక్క బీరువాని పురానీ హవేలీలో మీరూ చూడొచ్చు.

ఆయన కొడుకు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్. 1937లో అమెరికాలోని 'టైమ్' పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసిందే, ఆయన. మాసిన టోపీ, పాత షేర్వాణీ. కానీ ఆయన ముందుకి వెళ్ళే ఉద్యోగి మాత్రం తలకి దస్తార్, నడుముకి బగ్లూస్ పట్టీ లేకుండా వెళ్ళడానికి వీల్లేదు. కూచున్నవాడికి లేని నియమం నుంచున్నవాడికి! అయినా అదీ నామవాచకమే సుమండీ. దస్తార్ పెట్టుకున్నాక, నీది హుందాగా లేదని ఎవరూ పంపించెయ్యరు కదా.

అలాగని నామవాచకం దొరికితే చాలనుకోకండి. లండన్‌లో ఒకమ్మాయి రిసెప్షనిస్టు పనికి మొదటిరోజు మడమలెత్తు లేని చెప్పులతో వెళితే, రెండు నుంచి నాలుగంగుళాల ఎత్తు వుండాలని, లేకపోతే వద్దని, జీతం ఇవ్వకుండా ఇంటికి పంపేశారు. 2016లో ఆ సంగతి బయటికి రాగానే లక్షన్నరమందికి పైగా పార్లమెంటుకి అర్జీ మీద సంతకాలు పెట్టారు. ఇప్పుడున్న చట్టమే చాలునని 2017లో ప్రభుత్వం తేల్చేసింది. నాలుగంగుళాలంటే అనుమానానికి తావులేని కొలతే. నొప్పి మాత్రం కొలతలో రాయలేదు.

చలి సంగతీ అంతే. మీటింగు గదుల్లో మనం కొంగు భుజాలచుట్టూ లాక్కుంటూ వుంటాం, పక్కన కోటువాళ్ళు హాయిగా వుంటారు. దీనికి కారణం 2015లో ఇద్దరు డచ్చి శాస్త్రజ్ఞులు రాశారు. ఆఫీసు గదికి ఎంత చల్లదనం కావాలో కట్టే లెక్క 1960ల నాటిదట. అందులో మనిషంటే నలభయ్యేళ్ళ వయసు, డెబ్భై కిలోల బరువు వున్న మగవాడు. మన ఒంటి వేడికి ఆ లెక్క ఎక్కువ చూపిస్తుందని వాళ్ళు తేల్చారు. అంటే మనం గదిలోకి అడుగుపెట్టకముందే ఆ గదిక్కూడా కోటు తొడిగేశారన్నమాట!

మా పిల్లకి నేను చీర ఎంచిపెట్టలేదు. "ఏం కట్టుకోవాలో పేర్లు పెట్టి రాయమని వాళ్ళనే అడుగు" అన్నాను. "అడిగితే బాగుంటుందా అత్తయ్యా?" అని రెండురోజులు నసిగింది. మీటింగుకి ముందురోజు అడిగింది. చీర గానీ, చుడీదార్ గానీ, పాంటూ షర్టూ గానీ ఏదైనా సరేనని జవాబొచ్చింది. పక్క సీటులోని ఇద్దరమ్మాయిలు ఆ జవాబుని ఫోన్‌లో దాచుకున్నారుట. పొద్దున్నే పోచంపల్లి నూలుచీర కట్టుకుని మెట్రో ఎక్కింది, భుజాన సంచిలో శాలువా పెట్టుకుని.