ఆ ఇరవై మంది మాటేమిటి?

మీ తరగతి వాట్సాప్ గ్రూపులో ఎవరో మీ స్నేహితుణ్ణి వెక్కిరిస్తూ ఒక ఫొటో పెట్టారనుకోండి. క్షణాల్లో ఇరవై మంది నవ్వు గుర్తులు జోడించారు. ఏం చెయ్యాలి?

కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2018లో విద్యార్థుల కోసం వెలువరించిన సైబర్ భద్రత చేతిపుస్తకం చూడండి. పెద్దలకు చెప్పండి, కోపంతో జవాబివ్వకండి, వేధించేవారిని బ్లాక్ చెయ్యండి, సందేశాలను సాక్ష్యంగా దాచండి అంటుంది. మంచి సలహాలే. ఇంగ్లీషు కూడా సులువుగానే ఉంది. కాని వీటిలో ఏది ముందన్నదే కీలకం. బ్లాక్ చేసే ముందే తేదీ, సమయం, పంపిన ఖాతా కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయాలి. పంపినవారు ఆ సందేశాన్ని అందరికీ కనిపించకుండా తొలగిస్తే ఇక మీ చేతిలో ఏమీ మిగలదు.

దీనికో మినహాయింపు ఉంది. అది పిల్లల అశ్లీల చిత్రమైతే దాచకండి, ఎవరికీ పంపకండి. ఐటీ చట్టం (2000) 67బి సెక్షన్ కింద అది నేరం. వెంటనే పెద్దలకు చెప్పి, 1098కి ఫోన్ చెయ్యండి.

నాకు తోచిన అసలు వెలితి వేరే. పుస్తకం ఎక్కువగా బాధపడే పిల్లలతోనే మాట్లాడుతుంది. నవ్వు గుర్తులు పెట్టిన ఆ ఇరవై మందితో ఎవరు మాట్లాడాలి? వారిలో ఒక్కరైనా ఆ రాత్రి "రేపు టీచరు దగ్గరకు ఇద్దరం వెళదాం" అని విడిగా రాస్తే, ఆ కుర్రవాడు మర్నాడు బడికి వస్తాడు. కొత్త ముద్రణలో వారికోసం ఒక్క పేజీ అయినా కేటాయించాలి.