పద్యానికి స్వరలిపి లేదు, ప్లేటే ఉంది

బాపట్ల, వేమూరు, సుద్దపల్లి, బ్రాహ్మణకోడూరు. ఈ నాలుగు ఊళ్ళ పేరెత్తకుండా తెలుగు నాటక పద్యం గురించి గంటసేపు ఉపన్యాసం దంచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. స్థానం నరసింహారావు గారిది బాపట్ల. వేమూరి గగ్గయ్య గారి ఊరు ఇంటిపేరులోనే ఉంది. ఈలపాట రఘురామయ్య సుద్దపల్లిలో పుట్టారు, మాధవపెద్ది వెంకట్రామయ్యది బ్రాహ్మణకోడూరు. అంతా పాత గుంటూరు జిల్లా. వీళ్ళ నోటికి పద్యాలు అందించిన కవుల్లో బలిజేపల్లి లక్ష్మీకాంతం ఇటికంపాడు వారు, జాషువా వినుకొండ వారు. గాయకులు ఎక్కువమంది డెల్టా వైపు నుంచి వచ్చారు, ఒప్పుకుంటాను. కానీ అర్ధరాత్రి దాటినా "వన్స్ మోర్" అంటూ వాళ్ళను వేదిక దిగనివ్వనిది మా మెట్ట. పత్తి తీతలు ముగిసి, మిరపకాయ కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, శివరాత్రికి కోటప్పకొండ ప్రభల ముందు గోనెపట్టాలు పరుచుకుని తెల్లవార్లూ కూర్చున్న నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి రైతులే ఆ పద్యాలకు పరీక్షాధికారులు.

నా వాదం ఒక్కటే. పద్యం రాసినవాడు కవి, సందేహం లేదు. ఆ పద్యానికి రాగం ఎంచినవాడు, ఏ మాట మీద ఆగాలో, ఏ మాట దగ్గర గొంతు లేపాలో, చివర ఎంతసేపు రాగం తీయాలో తేల్చినవాడు నటుడు. సంగీత ప్రపంచంలో ఈ పని చేసినవాణ్ణి స్వరకర్త అంటారు. మనం మాత్రం "బాగా పాడాడు" అని చప్పట్లు కొట్టి ఊరుకున్నాం. ఆ స్వరరచనను నాకు తెలిసి ఎవరూ స్వరలిపిలో రాసి పుస్తకంలో అచ్చువేయలేదు. అది మిగిలింది గ్రామఫోను ప్లేట్ల మీదే. అందుకే అటకల మీద దుమ్ము కొట్టుకుపోతున్న ఆ నల్లటి ప్లేట్లను వెతికి, శుభ్రం చేసి, నకళ్ళు తీసి నలుగురికీ పంచుతున్నవాళ్ళు నా దృష్టిలో కాలక్షేపరాయుళ్ళు కారు. ఒక వాఙ్మయానికి ప్రతులు రాస్తున్న లేఖకులు.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. ధార్వాడ నాటక కంపెనీ వచ్చి వెళ్ళాక 1880లలో మనవాళ్ళకు నాటకాల పిచ్చి పట్టిందంటారు. వేదిక మీద పద్యాన్ని పాడే అలవాటు బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి చలవ అంటారు. ఆ తర్వాత తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, 1912లో బలిజేపల్లి వారి సత్యహరిశ్చంద్రీయం రావడంతో ఊరూరా పద్యం పాకింది. మిగతాది పండితులు తేల్చుకుంటారు. మనకు కావలసింది పనితనం.

ఒక సీసపద్యం తీసుకోండి. నాలుగు పెద్ద పాదాలు, కింద తేటగీతో ఆటవెలదో. ప్రతి పాదమూ రెండు సగాలుగా విరుగుతుంది. కొత్తగా నేర్చినవాడు మొదటి పాదానికి ఏ వరస పట్టాడో నాలుగింటికీ అదే లాగిస్తాడు. రెండో పాదానికే జనం బీడీలు వెలిగిస్తారు. తెలిసినవాడు మొదటి పాదాన్ని మంద్రంలో, దాదాపు మాట్లాడుతున్నట్టు ఎత్తుకుంటాడు. రెండో పాదంలో సగానికి వచ్చి ఒక్క మెట్టు ఎక్కుతాడు. మూడో పాదంలో రాగాన్ని అటూ ఇటూ తిప్పి, నాలుగో పాదంలో పై షడ్జాన్ని అలా తాకి వదిలేస్తాడు. నిలబడడు. నిలబడేది కింది గీతపద్యంలో. అక్కడ కథకు ప్రాణమైన మాట ఎక్కడుందో కనిపెట్టి, దాని మీద గొంతు విప్పుతాడు. అప్పుడు హార్మోనియం వాయించేవాడు తలెత్తి చూస్తాడు.

మాట విరగకూడదన్నది మొదటి నియమం. పెద్ద సమాసం ఒకే ఊపిరిలో రావాలి, ఊపిరి తీసుకునే చోటు శ్రోతకు తెలియకూడదు. యతి పడే చోట చిన్న ఊనిక ఇస్తే పద్యం తనంతట తాను నిలబడుతుంది. వీరానికి మోహన, బిలహరి, శోకానికి ముఖారి, సరసానికి కాపీ, భీంపలాస్ లాంటివి వాడుకలో ఉన్నా, గొప్పవాళ్ళు ఆ జాబితాకు కట్టుబడలేదు. సన్నివేశం అడిగిన రాగం తీశారు. ఇదంతా మైకు లేని రోజుల్లో, చివరి ఎడ్లబండి మీద కూర్చున్న ముసలాయనకు అక్షరం పొల్లుపోకుండా వినిపించేలా! ఆ హెచ్చు శ్రుతి, ఆ తెరిచిన గొంతు గొప్పకు పోయి తెచ్చుకున్నవి కావు, అవసరం నేర్పినవి.

ఇక మహానుభావుల దగ్గరికి వస్తాను. రఘురామయ్య గారు 1901లో పుట్టి 1975లో పోయేదాకా కృష్ణుడే. వేలు నోట్లో పెట్టుకుని ఈల వేస్తే వేణువు మూగబోయేది. ఈల అంటే వీధిలో వేసే ఈల కాదు, గమకాలతో, సంగతులతో పూర్తి రాగం. 1973లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1975లో పద్మశ్రీ వచ్చాయి. అయినా జనం ఆయన్ను ఈలకే కట్టేసి, పద్యంలో ఆయన చేసిన పనిని మరిచిపోయారని నా బాధ. రాయబారంలో అర్జునుడి జెండాను చూపించి దుర్యోధనుణ్ణి బెదిరించే పద్యం ఆయన అందుకుంటే అందులో అరుపు ఉండదు. చిరునవ్వుతో బెదిరించడం ఆయన దగ్గరే వినాలి.

గగ్గయ్య గారి సంగతి వేరు. 1933 నాటి సావిత్రి సినిమాలో యముడు, 1935 శ్రీకృష్ణలీలల్లో కంసుడు. కోపం రాగానే గొంతు బొంగురు చేసుకుని అరిచినవాళ్ళు ఎందరో ఉన్నారు. గగ్గయ్య గర్జిస్తే ఆ గర్జన శ్రుతిలో ఉండేది. స్థానం వారు మగవాడై పుట్టి సత్యభామ నడకను ఆడవాళ్ళకే నేర్పారని చెప్పుకుంటారు. తులాభారంలో సత్యభామ పాడే పాట పల్లవిని ఆయన ఒక్కో రాత్రి ఒక్కో భావంతో, ఎన్నిసార్లు అడిగితే అన్ని రకాలుగా పాడేవారని మా పెద్దలు కథలుగా చెప్పేవారు. 1956లోనే పద్మశ్రీ అందుకున్న ఆ నటుణ్ణి ఇవాళ ఎంతమంది విన్నారు? ఆ పాట 1966 సినిమాలో విన్నవాళ్ళు లక్షల్లో ఉంటారు. అసలు ముద్ర వేసిన గొంతు ఏదో తెలిసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాలి. 1935 హరిశ్చంద్ర సినిమాలో కన్నాంబ పక్కన హరిశ్చంద్రుడైన అద్దంకి శ్రీరామమూర్తి పేరు చెబితే ఇప్పుడు ఎవరని అడుగుతున్నారు. కాటిసీనులో ఏడుపు ఏడుపులా కాక సంగీతంలా ఎలా ఉంటుందో ఆయన్ను వింటే తెలుస్తుంది. మైలవరం కంపెనీలో వెలిగిన కపిలవాయి రామనాథశాస్త్రి మా జిల్లా వారు కాకపోయినా, ఆయన ప్లేటు దొరికితే మాత్రం ఎవరికీ వదలను. పక్షపాతానికీ ఒక హద్దుండాలి కదా.

ఈ గొంతులన్నీ పది అంగుళాల ప్లేటులో ఇరుక్కున్నాయి. లక్క, పలకరాతి పొడి, మసి, కాస్త పత్తి నూగు కలిపి వేడిమీద అచ్చొత్తినవి అవి. పత్తి పండించే సీమ పాటలో పత్తి కూడా ఉందన్నమాట. నిమిషానికి 78 చుట్లు, ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు, అంతే. వేదిక మీద పావుగంట సాగే పద్యాన్ని ఈ కాస్త జాగాలో కుదించాలి. ఇక్కడే నటుడిలోని స్వరకర్త బయటపడతాడు. ఏ సంగతి ఉంచాలి, ఏది తీసేయాలి, చివరి రాగం ఎన్ని సెకన్లు? "కుక్క బొమ్మ" ప్లేట్లలో మంచివి విని చూడండి, ఒక్క స్వరం అదనంగా ఉండదు. ఘంటసాల గారు తర్వాతి రోజుల్లో ఆలాపన తగ్గించి పద్యాన్ని మాటకు దగ్గర చేశారని మెచ్చుకుంటాం, నేనూ మెచ్చుకుంటాను. అంతకుముందు పద్యం ఎలా ఉండేదో వినకుండా, ఆయన మార్చింది ఏమిటో మెచ్చుకోవడం ఎలా కుదురుతుంది?

వినేవాళ్ళు తలచుకుంటే ఏం చేయగలరో చెప్పడానికి ఒక పరాయిదేశపు కథ. ఇంగ్లండులో హావర్గల్ బ్రయన్ అనే స్వరకర్త ఉండేవాడు. 1876లో పుట్టి 1972లో పోయాడు. 32 సింఫొనీలు రాశాడు. జీవితంలో ఎక్కువ భాగం ఆయన్ను పట్టించుకున్న నాథుడు లేడు. 1950ల నుంచి రాబర్ట్ సింప్సన్ అనే బిబిసి ఉద్యోగి పట్టుబట్టి ఒక్కో రచననే రేడియోకెక్కించాడు. పెద్ద రచన గోథిక్ సింఫొనీని 1966లో ఏడ్రియన్ బోల్ట్ నడిపించాడు. దుకాణంలో ప్లేట్లు దొరకవు గనుక అభిమానులు రేడియోలో వచ్చినదాన్ని ఇళ్ళలో టేపుల మీదకు ఎక్కించుకుని ఒకరికొకరు పంచుకున్నారు. మొదటి వాణిజ్య రికార్డును 1972లో వాయించింది లెస్టర్‌షైర్ బడిపిల్లల వాద్యబృందం! 1974లో ఆయన పేరున సొసైటీ పెట్టారు, ఇవాళ ఆయన సింఫొనీలన్నీ వినడానికి దొరుకుతున్నాయి. అభిమానులు పట్టుబడితే ఏం జరుగుతుందో ఇది సాక్ష్యం. కానీ ఒక్క తేడా ఉంది, దాన్ని గట్టిగా చెప్పాలి. టేపులన్నీ పోయినా బ్రయన్ కాగితం మీద మిగిలేవాడు, మరో బృందం మళ్ళీ వాయించేది. మన గగ్గయ్య ప్లేటు పగిలితే మళ్ళీ వాయించడానికి ఏమీ మిగలదు.

మనకూ అలాంటి పట్టుదల మనుషులు ఉన్నారు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు వేలాది గ్రామఫోను ప్లేట్లు పోగుచేసి, వాటి మీద విసుగు లేకుండా రాశారు. పరుచూరి శ్రీనివాస్ గారు పాత రికార్డులను, రేడియో నాటకాలను వెలికితీసి, ఎవరు పాడారో, ఎప్పుడిదో వివరాలతో సహా "ఈమాట" పత్రిక ద్వారా అందరికీ వినిపించారు. ముంబైలో 1990 నుంచి సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ ఉంది. మా వైపు కూడా రిటైరైన మాస్టార్లు, హార్మోనిస్టులు, మిర్చి యార్డు గుమాస్తాలు, పద్యం వింటే భోజనం మరిచే రైతులు, చడీచప్పుడు లేకుండా ఈ పని చేస్తున్నారు.

సరిగ్గా చేసేవాళ్ళ పద్ధతి చూడాలి. ప్లేటును స్పిరిటుతో తుడవరు, లక్క కరిగిపోతుంది. కాస్త సబ్బు కలిపిన నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. ఎల్పీకి వాడే సన్న ముల్లు పెట్టరు, అది గాడి అడుగున పొర్లుతుంది. దానికి మూడింతల లావు ముల్లు కావాలి. వేగం కూడా చూస్తారు. 78 తిరగాల్సింది 83 తిరిగితే పద్యం అర శ్రుతి హెచ్చుతుంది, కృష్ణుడు కాస్తా నారదుడైపోతాడు. గొంతు హార్మోనియం రెండు మెట్ల మధ్య ఎక్కడో పడుతుంటే వేగాన్ని అనుమానిస్తారు. లేబులు మీది పేరు, నంబరు, లేబులు పక్కన గీసిన చిన్న అంకెలు అన్నీ రాసుకుంటారు. ఒక్క గరగరను కూడా తొలగించని మొదటి నకలు విడిగా దాస్తారు.

దీని పక్కన ఇప్పుడు జరుగుతున్న భాగోతం చూడండి. ఎవడో పంచిన నకలును దించుకుని, గరగర పోవాలని యంత్రానికి అప్పగిస్తారు. గరగరతో పాటు ఊపిరి పోతుంది, "స"కారం పోతుంది, రఘురామయ్య ఈలలో పైస్వరాలు పోతాయి. కింద మృదంగం పేరుతో కీబోర్డు దరువు, పైన ప్రతిధ్వని. పద్యం మధ్యలో తమ చానెలు పేరు అరిపిస్తారు. చివర రాగం "బోరు" అని కత్తిరిస్తారు. పాడింది ఎవరో తెలియకపోతే "ఘంటసాల" అని రాసేస్తారు, ఆ మహానుభావుడికి కూడా అవమానమే. ఎర్రరంగు కలిపిన కారం అమ్మేవాణ్ణి గుంటూరు జనం నిలబెట్టి కడుగుతారు, కల్తీ పద్యం అమ్మేవాణ్ణి మాత్రం లైకులతో సన్మానిస్తున్నారు! ఇక వేదికల మీద సంగతి చెప్పనక్కర్లేదు. సీసం నాలుగు పాదాలూ మైకు మింగి, మాట నమిలి, చివరి అక్షరం మీద రెండు నిమిషాలు గొంతు వణికిస్తే పద్యమట. దానికి ఈలలు, చదివింపులు. ఆ కుర్రాళ్ళను పూర్తిగా తప్పుపట్టను. వాళ్ళకు అసలైనది ఎవరు వినిపించారు?

అందుకే వినిపించాలి. దాచుకునేవాళ్ళతోనే నాకు ఎక్కువ పేచీ. "నా దగ్గర మాత్రమే ఉంది" అనే గర్వంతో బీరువాకు తాళం వేసుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పోయాక పిల్లలు ఆ ప్లేట్లను పాత ఇనుప సామానులో కలిపేస్తారు. చట్టం అడ్డొస్తుందన్న సాకు చాలా ప్లేట్ల విషయంలో చెల్లదు. మన దేశంలో శబ్ద ముద్రణపై హక్కు విడుదలైన 60 ఏళ్ళకు తీరిపోతుంది. 1960కి ముందు వచ్చిన ప్లేటు మీది గొంతు అందరి సొత్తు. మా గుంటూరు, ఒంగోలు, తెనాలి పరిషత్తుల వారికి కూడా ఒక విన్నపం. పద్యనాటక పోటీలకు వచ్చే ప్రతి కుర్రాడికీ జ్ఞాపికతో పాటు పాతవాళ్ళ పద్యాలు నింపిన ఒక పెన్ డ్రైవ్ ఇవ్వండి. శాలువా కంటే చవక, పదేళ్ళు పనికొస్తుంది.

మీ ఇంట్లో తాతలనాటి ప్లేట్లు ఉంటే భోగి ముందు రోజున పాత సామాను దించేటప్పుడే వాటిని విడిగా పెట్టండి. నిలబెట్టి ఉంచండి, ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు, ఎండలో పెట్టవద్దు. లేబులు ఫొటో తీయండి. నకలు తీయగలవాడి చేతికి ఇవ్వండి, మీ ఎదురుగా తీయించుకుని ప్లేటు వెనక్కి తెచ్చుకోండి. ఆ నకలును కనీసం పదిమందికి ఇచ్చేదాకా నిద్రపోకండి. గగ్గయ్యకూ, స్థానం వారికీ మనం విగ్రహాలు పెట్టకపోయినా ఫరవాలేదు, వాళ్ళ గొంతును భోగిమంటలో వేయకపోతే చాలు.