నల్ల బూటు లోపలి పని

జూన్ రెండో వారంలో బడులు తెరిచేసరికి అనకాపల్లి జిల్లా రావికమతం మండలంలో బడి పిల్లలున్న ఇంటింటికీ ఓ నల్ల బూట్ల జత చేరాలి. సర్కారు బడి పిల్లలకు అది ప్రభుత్వమిచ్చే కిట్టులో వస్తుంది. ప్రైవేటు బడి పిల్లల అమ్మానాన్నలు చోడవరమో, నర్సీపట్నమో, అనకాపల్లో వెళ్లి కొనుక్కొస్తారు. కొట్లో ఎక్కువగా వినబడే మాట ఒకటే: "రెండేళ్లొచ్చేలా కొంచెం పెద్దది ఇయ్యి బాబూ." ధర గురించీ, మన్నిక గురించీ అందరం మాట్లాడుకుంటాం. ఆ బూటును తిరగేసి, లోపల వేలు పెట్టి, అందులోని పనితనాన్ని చూసేవాళ్లు అరుదు. పాదరక్షల పనిలో అన్నిటికన్నా కష్టమైనది పిల్లల బూటేనని నా నమ్మకం.

పెద్దవాళ్ల పాదం ఒకసారి కొలిస్తే ఏళ్ల తరబడి అదే కొలత. చిన్న తరగతుల పిల్లల పాదం ఏడాదికి దాదాపు ఒక సైజు పెరుగుతుంది. ఎముకలు పూర్తిగా గట్టిపడి ఉండవు, చాలా చోట్ల ఇంకా మృదులాస్థే. ఇరుకు బూటు తొడిగినా ఆ మెత్తటి పాదం ఒదిగిపోతుంది కాబట్టి పిల్లలు వెంటనే నొప్పి అనరు. తప్పు బయటపడేసరికి నెలలు గడుస్తాయి. ఇలా రోజూ మారే పాదాన్ని, ఎండలో, వానలో, పరుగులో, ఏడాది పొడవునా కాచుకోవాలి బడి బూటు. అదీ కొద్ది వందల రూపాయల ఖర్చులో.

కంటికి కనబడని దానితో మొదలుపెడదాం. ప్రతి బూటూ ఒక అచ్చు చుట్టూ తయారవుతుంది. పరిశ్రమలో దాన్ని లాస్ట్ అంటారు. పూర్వం కర్రతో చెక్కేవారు, ఇప్పుడు గట్టి ప్లాస్టిక్‌ను మర మీద చెక్కి తీస్తున్నారు. అది పాదంలాగే ఉంటుంది గానీ పాదానికి నకలు కాదు. వేళ్లు ఆగిపోయిన చోట అచ్చు ఆగదు, ఇంకాస్త ముందుకు సాగుతుంది. నడిచేటప్పుడు పాదం ముందుకు జరగడానికీ, నెలనెలా పెరగడానికీ వదిలిన జాగా అది. మడమ దగ్గర మాత్రం అచ్చు సన్నబడుతుంది, బూటు మడమను వదలకూడదు గనక. బొటనవేలి వైపు అంచు తిన్నగా పోవాలి. చిటికెనవేలి వైపు నెమ్మదిగా వంపు తిరగాలి. ముందు వదులు, వెనక పట్టు. ఈ రెంటినీ ఒకే అచ్చులో కుదర్చడమే ఆ పనివాడి విద్య. అక్కడ రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే ఆ అచ్చు మీద తయారయ్యే వేల జతలకూ అదే తేడా వస్తుంది.

ఇక పై భాగం. తోలైనా, తోలులా కనబడే సింథటిక్ సరుకైనా ముక్కలుగా కోసి కుడతారు. ఒక ముక్క మీదికి ఇంకొకటి వచ్చే చోట అంచులను పల్చగా గీస్తారు. గీయకపోతే రెండు మందాలూ కలిసి లోపల గట్టు కడతాయి. సాక్సు ఉన్నా సరే, ఆ గట్టు పాదాన్ని ఒరుసుకుని వారానికల్లా బొబ్బ తేలుస్తుంది. మంచి బూటు లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పితే ఎక్కడా ఏమీ తగలదు. కొట్లో బూటు చేతికివ్వగానే నేను మొదట చేసే పరీక్ష ఇదే.

లేసులు కట్టే రెండు రెక్కలను చూడండి. చాలా బడి బూట్లలో ఆ రెక్కలను ముందు భాగానికి పైన కుడతారు, కింద కాదు. దీన్ని డెర్బీ రకం అంటారు. పైన కుట్టడం వల్ల రెక్కలు బార్లా తెరుచుకుంటాయి. పాదం మీది భాగం ఎత్తుగా ఉన్న పిల్లవాడు, సన్నగా ఉన్న పిల్లవాడు ఇద్దరూ ఒకే బూటును లేసుల బిగువుతో తమకు కుదుర్చుకోవచ్చు. రెక్క మొదలయ్యే చోట, అటొకటి ఇటొకటి, అడ్డంగా దట్టమైన కుట్టు ఉంటుంది. బడి వదలగానే లేసులు విప్పకుండా కాలు లాగేసుకునే పిల్లల బలమంతా పడేది అక్కడే. ఆ గట్టి కుట్టు లేని బూటు అక్కడే చిరుగుతుంది. వేలెడంత చోటులో అరనిమిషం పని అది. ఆ అరనిమిషం మిగుల్చుకోవాలనుకోని తయారీదారుకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

మడమ వెనక, పై తోలుకూ లోపలి గుడ్డకూ మధ్య, కనబడకుండా ఒక గట్టి పలక దాచి ఉంటుంది. రెండు వేళ్లతో నొక్కితే లొంగకూడదు. నాసిరకం బూట్లలో అది ఉత్త అట్టముక్క. ఒక్క వర్షాకాలంలో నాని, మెత్తబడి, బూటు వెనక భాగం చెప్పులా అణిగిపోతుంది. మన వైపు బడులు తెరవడం, నైరుతి రుతుపవనం రావడం ఒకేసారి. కళ్యాణపులోవ జలాశయం పైనున్న కొండల్లోంచి దిగివచ్చే గిరిజన పిల్లల బూట్లకైతే మొదటి నెలలోనే ఈ పరీక్ష ఎదురవుతుంది.

అడుగు భాగాన్ని అతికించడం వేరే సంగతి. పై భాగాన్ని అచ్చు మీదికి లాగి, అంచులను లోపలి అట్టకు జిగురుతో మడిచి, ఆ అంచులను గరుకుగా రాపిడి పెడతారు. తర్వాత దాన్ని ఇనుప మూసలోకి దించి, కరిగిన పీవీసీని ఒత్తిడితో ఎక్కిస్తారు. అనకాపల్లి బెల్లం పాకం అచ్చులో గట్టిపడ్డట్టు అది మూసలో గట్టిపడుతూనే పై భాగాన్ని కరుచుకుంటుంది. రాపిడి సరిగా పెట్టకపోతే పట్టు చిక్కదు, దసరా సెలవుల నాటికి ముందు భాగం నోరు తెరుస్తుంది. మంచి బూటును వేళ్ల మొదళ్ల దగ్గర వంచితే వంగుతుంది. నడిమధ్యన వంచితే వంగదు. పాదం వంగే చోటే బూటూ వంగాలి. ఈ ఒక్క మాట దగ్గరే సైజుల కథంతా ఉంది.

మనం వాడే సైజులు ఇంగ్లీషువాళ్లవి. ఒక సైజుకూ ఇంకోదానికీ తేడా అంగుళంలో మూడోవంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఇది ఒక బార్లీ గింజ పొడవు నుంచి పుట్టిన లెక్క. పిల్లల సైజులు నాలుగంగుళాల దగ్గర సున్నాతో మొదలై 13 దాకా పోయి, మళ్లీ ఒకటి నుంచి లెక్క పెడతారు. అందుకే నాలుగో తరగతి పిల్లవాడి సైజు చెప్పమంటే అమ్మ తికమకపడుతుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, పెట్టె మీది అంకె పొడవు ఒక్కటే చెబుతుంది. వెడల్పు చెప్పదు. పొడవు ఒకటే అయినా ఇద్దరు పిల్లల్లో మడమ నుంచి పాదం వంగే చోటుకు దూరం వేరువేరుగా ఉండవచ్చు. 1920లలో అమెరికాలోని సిరాక్యూస్‌లో బూట్ల వ్యాపారి కొడుకు చార్లెస్ బ్రానక్ ఈ మూడింటినీ ఒకేసారి కొలిచే లోహపు పలకను తయారుచేశాడు. పొడవు, వెడల్పు, మడమ నుంచి వంపు దాకా దూరం. ఆ పరికరం నేటికీ వాడుకలో ఉంది. మన కొట్లలో మాత్రం కొట్టు కుర్రాడి బొటనవేలి నొక్కే కొలత.

మన పాదాలకు సొంత లెక్క కట్టే ప్రయత్నం ఇటీవలే జరిగింది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలోని 79 చోట్ల, లక్ష మందికి పైగా మనుషుల పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచింది. భారతీయుల పాదాలు పాశ్చాత్యుల పాదాల కన్నా మొత్తం మీద వెడల్పని తేలింది. ఆడపిల్లల పాదం పెరుగుదల సుమారు 11 ఏళ్లకు, మగపిల్లల పెరుగుదల 15, 16 ఏళ్లకు పతాకస్థాయికి చేరుతుందనీ తేలింది. దాని ఆధారంగా 'భ' అనే పేరుతో, ఎనిమిది వర్గాలుగా కొత్త సైజుల పద్ధతిని సూచించారు. అందులో ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలకు ఒక వర్గం, పన్నెండు దాటిన ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు వర్గాలు ఉన్నాయి. ఇన్ని పాదాలను ఓపికగా కొలిచిన ఆ పనిని బూటు కుట్టే పనికన్నా ఏమాత్రం తక్కువగా చూడలేను.

వెడల్పు పాదానికి సన్నబూటు దొరికితే మనం చేసేదేమిటి? వెడల్పు కోసం ఒక సైజు పెద్దది కొంటాం. అప్పుడు బూటు వంగే చోటు పాదం వంగే చోటుకన్నా ముందుకు పోతుంది. మడమ జారుతుంది. జారకుండా పిల్లవాడు వేళ్లతో బూటును పట్టుకుని నడుస్తాడు. "రెండేళ్లొచ్చేలా" కొన్న బూటు అలా ఏడాది తిరక్కుండానే వంకరపోతుంది. పైగా మూసిన బూటు పాదం మీద చూపే ప్రభావం చిన్నది కాదు. 1992లో రావు, జోసెఫ్ అనే మణిపాల్ వైద్యులు 2300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి ప్రచురించిన ఫలితాల ప్రకారం, చెప్పులూ బూట్లూ వాడే పిల్లల్లో చదునుపాదాలు 8.6 శాతం, వట్టికాళ్లతో తిరిగే పిల్లల్లో 2.8 శాతం. అందులోనూ ముందు మూసుకున్న బూట్లు వేసుకునేవారిలో ఎక్కువ. బడిలో బూటు తప్పదు గనక అది సరిపోయేదై ఉండటం మరీ ముఖ్యం.

ధర మాట. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. పేరున్న కంపెనీ బడి బూట్లకు రెండు మూడు రోజుల కూలి పోతుంది. ఇద్దరు పిల్లలుంటే దాదాపు వారం కూలి. వెయ్యి రూపాయల లోపు పాదరక్షల మీద 2022 జనవరిలో జీఎస్టీ 5 నుంచి 12 శాతానికి పెరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి మళ్లీ 5కు దిగింది. ఇది కొంత ఊరట. సర్కారు బడి పిల్లలకు 2020 అక్టోబరు 8న కృష్ణా జిల్లా పునాదిపాడులో మొదలైన జగనన్న విద్యా కానుకలో బూట్లూ రెండు జతల సాక్సులూ ఇచ్చారు. ఆ ఏడాది లబ్ధిదారులు 42 లక్షల పైచిలుకు. ఇప్పుడవి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్టులో వస్తున్నాయి. బూటు కొనలేని ఇంటికి బూటు చేరడం గొప్ప సంగతి. అయితే కొలతలు ముందు తీస్తారు, బూటు తర్వాత వస్తుంది. ఆ నడుమ పాదం పెరుగుతూనే ఉంటుంది.

నోరు తెరిచిన బూటును సరిచేసే చేతి పని ఒకటి మిగిలింది. రోడ్డు పక్కన కూర్చుని కుట్టేవారి పనిని దగ్గర నుంచి చూడండి. అనుభవమున్న చెయ్యి ముందు అడుగు భాగం అంచు వెంబడి కత్తిమొనతో సన్నటి గాడి గీస్తుంది. తర్వాత ఆరెతో కన్నం పొడిచి, కొక్కెం ఉన్న సూదితో లోపలి దారాన్ని బయటికి లాగి, లంకె వేసుకుంటూ పోతుంది. దారం గాడిలో కూర్చుంటుంది కాబట్టి నేల మీద ఒరుసుకోదు, తెగదు. గాడి గీయకుండా కుట్టిన దారం కొన్ని రోజుల్లోనే అరిగి తెగుతుంది. కంపెనీ బూటుకు లేని కుట్టు ఇలా తర్వాత వచ్చి చేరుతుంది. బూటు మిగతా సంవత్సరం నడుస్తుంది.

బడుల్లో కొలతలు తీసే మాస్టార్లకూ, టీచరమ్మలకూ ఒక విన్నపం. పాత బూటు సైజు అడిగి రాసేయకండి. పిల్లలను సాక్సులతో నిలబెట్టి, బరువు రెండు కాళ్ల మీదా పడ్డాక, రెండు పాదాలూ కాగితం మీద గీయించండి. పెద్దగా ఉన్న పాదాన్నే లెక్కలోకి తీసుకోండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత, అంటే సెంటీమీటరుకు కాస్త పైన, ఖాళీ ఉండేలా సైజు రాయండి. పాదం వెడల్పు కూడా పక్కన నమోదు చేయండి. జతలకు ఆర్డరిచ్చే అధికారులు పొడవుతో పాటు కనీసం రెండు వెడల్పుల్లో బూట్లు తెప్పించాలి. కొట్లో కొనే అమ్మానాన్నలు సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పిల్లలను వెంట తీసుకెళ్లి నడిపించి చూసి కొనండి. రెండేళ్లొచ్చేది అడగకండి, ఈ ఏడాదికి సరిపోయేది అడగండి.