‘ఒస్సె’, ‘ఒఫ్తాల్మోస్’: హోమర్ చూపిన కళ్లు

హోమర్ కావ్యాల్లో కళ్లకు వాడిన పదాల్లో ముఖ్యమైనవి ‘ఒస్సె’, ‘ఒఫ్తాల్మోస్’. నిఘంటువులో రెండింటి అర్థమూ దాదాపు ఒకటే. వాటి తేడా తెలియాలంటే వ్యాకరణం దగ్గరికి వెళ్లాలి.

‘ఒస్సె’ నపుంసకలింగ ద్వివచనం. హోమర్‌లో దానికి ఏకవచనం లేదు. ప్రథమా, ద్వితీయా విభక్తుల్లోనే కనిపిస్తుంది. మనకు తెలిసిన సంస్కృత ‘అక్షి’కి దూరపు చుట్టం, రెండింటిదీ ఒకే మూలం. సంస్కృతంలో కర్త ద్వివచనమైతే క్రియా ద్వివచనమే కావాలి. హోమర్ గ్రీకులో అంత నిర్బంధం లేదు.

ఇలియడ్ 12వ సర్గ చివర ట్రాయ్ వీరుడు హెక్టర్ గ్రీకుల గోడ తలుపులు పగలగొట్టి లోపలికి దూకుతాడు. అతని కళ్లు నిప్పులై మండుతాయి. అక్కడ కర్త ‘ఒస్సె’, క్రియ ఏకవచనం. 13వ సర్గలో గ్రీకు వీరుడు మెనెలాస్ దెబ్బకు ట్రాయ్ పక్షపు పైసాండర్ కళ్లు నెత్తురోడుతూ కాళ్ల దగ్గర దుమ్ములో పడతాయి. కర్త మళ్లీ ‘ఒస్సె’యే, విశేషణమూ క్రియా బహువచనం. నపుంసక బహువచన కర్తకు ఏకవచన క్రియ రావడం గ్రీకులో మామూలే. ఛందస్సు ఒత్తిడీ ఉంటుంది. అయినా పక్కపక్కన చదివితే ఫలితం అద్భుతం. హెక్టర్ ఆవేశంలో రెండు కళ్లూ ఒకే మంట. పైసాండర్ చావులో ఆ జంట చెదిరిపోయింది.

‘ఒఫ్తాల్మోస్’కు ఏకవచనమూ ఉంది, మిగతా విభక్తులూ ఉన్నాయి. ఒడిస్సీ 9వ సర్గలో రాక్షసుడు పాలిఫీమస్ ఒంటికన్నుకు హోమర్ వాడింది ఈ పదమే. జంటను మాత్రమే చెప్పగల ‘ఒస్సె’కు అక్కడ చోటు లేదు. 19వ సర్గలో భార్య ఏడుస్తున్నా ఒడిస్సియస్ కళ్లు కొమ్ములా, ఇనుములా చలించకుండా నిలిచినప్పుడూ ఇదే పదం.

అలాగని ఒకటి ప్రాణానికి, మరొకటి అవయవానికి అని పంచేయలేం. చావు చీకటి వీరుల ‘ఒస్సె’ను కప్పుతుంది. చావు మంచు కళ్ల మీద పరుచుకునే చోట మాత్రం ‘ఒఫ్తాల్మోస్’ వస్తుంది; ఆ వాక్యానికి షష్ఠి కావాలి, ‘ఒస్సె’కు ఆ రూపం లేదు. ఇక్కడ పదాన్ని ఎంచింది అర్థం ఒక్కటే కాదు, విభక్తి కూడా.

తర్వాతి గ్రీకులో ద్వివచనం క్రమంగా కనుమరుగైంది. కొత్త నిబంధన భాషలో అది లేదు. కళ్లకు ప్రధానంగా ‘ఒఫ్తాల్మోస్’ మిగిలింది. ద్వివచనం లేని తెలుగులోకి హోమర్‌ను తెచ్చేవారు రెండింటినీ ‘కళ్లు’ అనక తప్పదు. అయితే హెక్టర్ దగ్గర ఒకే మంట రగలాలి, పైసాండర్ దగ్గర రెండు కళ్లూ విడివిడిగా రాలాలి. ఆ తేడా నిలిపిన అనువాదమే హోమర్‌కు న్యాయం చేస్తుంది.