నెమ్మది రోజుల కాపలా

వేములవాడలో మొక్కు విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. రాజన్న గుడి చుట్టూ కోడెను తిప్పడానికి ఎక్కడెక్కడి నుంచో భక్తులు వస్తారు. ఇచ్చిన మాట చెల్లిస్తే తప్ప వాళ్ల మనసు కుదుటపడదు. ఆ గుడి గంటలు వింటూ పెరిగిన క్రైస్తవ కుటుంబాలకూ దేవునికి మాట ఇవ్వడం కొత్త కాదు. ఉజ్జీవ కూటాల ఆఖరి రాత్రి కన్నీళ్లతో మోకరిస్తాం. డిసెంబరు 31 రాత్రి వాగ్దానం కార్డు అందుకొని, ఈ యేడు మారతానని ప్రభువుతో చెప్పుకుంటాం. శ్రమకాలం 40 రోజులూ కల్లు ముట్టం. ఈస్టరు దాటాక ఒక పెళ్లి, ఒక దావత్, అంతే. కుటుంబ ప్రార్థన ఆగిపోతుంది, ఆదివారం ఆరాధన తప్పుతుంది, ప్రభు బల్ల దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లదు. ‘చల్లబడ్డాడు’ అంటుంది సంఘం. మళ్లీ కూటాలు వస్తాయి, మళ్లీ కన్నీళ్లు వస్తాయి. ఇలా నాలుగైదుసార్లు జరిగాక మనిషికి తన కన్నీళ్ల మీదే నమ్మకం పోతుంది. ఈ నాలుగు మాటలు ఆ మనిషి కోసమే.

ఈ జబ్బు కొత్తది కాదు. బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథమంతా దీని కథే. ప్రజలు దేవుణ్ణి విడిచిపెడతారు, పరాయివాళ్ల చేతిలో పడతారు, మొరపెడతారు, విడుదల పొందుతారు, నెమ్మదిగా బతుకుతారు, మళ్లీ విడిచిపెడతారు. అక్కడి లెక్కలు ఒక్కసారి వరుసగా చూడండి. మొదటిసారి 8 ఏళ్లు బానిసత్వం, ఒత్నీయేలు విడిపించాక 40 ఏళ్లు నెమ్మది. రెండోసారి మోయాబు కింద 18 ఏళ్లు, ఏహూదు తర్వాత 80 ఏళ్లు నెమ్మది. మూడోసారి 20 ఏళ్లు, దెబోరా తర్వాత 40. పతనం మొదలైంది కష్టంలో కాదు, ఆ నెమ్మది ఏళ్లలోనే. కష్టంలో అందరూ మొరపెట్టారు. కడుపు నిండి, భయం తీరాకే మరిచిపోయారు.

గిద్యోను కథ ఇంకా లోతైనది. 300 మందితో మిద్యానీయులను గెలిచాడు. రాజువు కమ్మంటే వద్దన్నాడు. కానీ దోపుడు సొమ్ములోంచి 1,700 తులాల బంగారు పోగులు అడిగి తీసుకొని, ఏఫోదు అనే యాజక వస్త్రం చేయించి, తన ఊరు ఒఫ్రాలో పెట్టాడు. అదే అతనికీ ఇంటివాళ్లకూ ఉరి అయింది. అతని కాలంలోని 40 ఏళ్ల తర్వాత దేశం నెమ్మది పొందిందన్న మాట ఆ గ్రంథంలో మళ్లీ కనబడదు. సమ్సోను నాటికి ఫిలిష్తీయుల ఏలుబడి 40 ఏళ్లు సాగింది. ఈసారి ప్రజలు మొరపెట్టినట్టు కూడా రాసిలేదు. పైగా యూదా వాళ్లు 3,000 మంది వచ్చి సమ్సోనునే కట్టి శత్రువుకు అప్పగించారు. బానిసత్వం అలవాటైపోయింది. అంటే ఇది ఒకే చోట తిరిగే గానుగ కాదు. తిరిగిన ప్రతి చుట్టులోనూ కిందికి దిగే సుడి. ‘మళ్లీ మారుమనస్సు పొందొచ్చులే’ అనుకునేవాడు మొదట పోగొట్టుకునేది మొరపెట్టే గొంతునే.

మరి తెగేదెలా? కరీంనగర్ సీమకు సువార్త తెచ్చిన వెస్లియన్ మెథడిస్టుల దగ్గర దీనికొక పద్ధతి ఉంది. అది దొరికిన తీరు తెలుసుకోదగ్గది. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మందిరం కట్టిన అప్పు తీర్చడానికి జాన్ వెస్లీ సంఘం కూర్చుంది. సభ్యులు తలా వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని కెప్టెన్ ఫోయ్ అనే ఆయన సూచించాడు. ఇవ్వలేని పేదల మాటేమిటని ఎవరో అడిగితే, పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం వాళ్ల ఇళ్లకు వెళ్తాను, లేనివాళ్ల వంతు నేనే వేస్తాను అన్నాడు. మిగతావాళ్లూ అలాగే ఒప్పుకున్నారు. చందా కోసం గడప తొక్కినవాళ్లకు ఇళ్లలో అసలు సంగతులు కనబడ్డాయి. ఒకచోట మొగుడూ పెళ్లాల గొడవ, ఒకచోట తాగుడు. ఆదివారం గుడిలో కనబడని జారుడు బుధవారం ఇంట్లో కనబడింది. అప్పు కోసం పుట్టిన ఆ ఏర్పాటే ‘క్లాసు’ అయింది. పన్నెండు మంది, ఒక నాయకుడు, వారానికొకసారి కూడిక. మూడు నెలలకోసారి నడవడి చూసి సభ్యత్వపు చీటీ ఇచ్చేవారు.

దీని కిటుకు మూడు సంగతుల్లో ఉంది. ఒకటి, వారం గడువు. ఏడాదికోసారి ఏడ్చేవాడు కొండంత పాపానికి ఏడవాలి. వారానికోసారి చెప్పుకునేవాడు గులకరాయంత దాన్ని తీసి పారేస్తే చాలు. రెండు, అడిగే తీరు. ‘బాగున్నావా తమ్మీ’ అంటే ‘బాగున్నా అన్నా’ అనే జవాబే వస్తుంది. ఈ వారం ప్రార్థన ఎన్ని రోజులు సాగింది? ఎక్కడ జారావు, అప్పుడు పక్కన ఎవరున్నారు? జారకుండా నిలబడిన చోట ఎలా నిలబడగలిగావు? ఎవరితో సమాధానపడాల్సి ఉంది? ఇలా అడగాలి. నాయకుడు మొదట తన సంగతి తానే చెప్పాలి. విన్నది గడప దాటకూడదు. దాపరికం లేకుండా మాట్లాడుకోవడానికి ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో కూర్చోవడం మేలు. మూడు, రానివాడి ఇంటికి వెళ్లడం. పడినవాడు సిగ్గుతో మందిరానికి రాలేడు. అతని సిగ్గు కన్నా ముందు సంఘమే గుమ్మం ఎక్కాలి.

మాట ఇచ్చే ఆచారాన్ని కూడా సంఘ పెద్దలు వదులుకోలేదు. 1755 నుంచి వెస్లీ నడిపిన నిబంధన ఆరాధన తర్వాత కొత్త సంవత్సరపు ఆచారమైంది. 1912లో బిషప్పయిన దోర్నకల్ అజరయ్య గారు పల్లె విశ్వాసుల చేత తమ చేతిని తమ తలపై పెట్టించి, తాము బాప్తిస్మం పొందినవాళ్లమని, సువార్త చెప్పడం తమ బాధ్యతని పలికించేవారు. చదువురాని కూలీకి కూడా తన బాప్తిస్మం చేతికి తగిలేది. మొక్కు చెల్లించడంతో తీరుతుంది. నిబంధన రోజూ బతకడంతోనే తీరుతుంది. అందుకే దానికి వారపు కూడిక తోడు కావాలి.

ఇది మనకు పరాయిది కూడా కాదు. తెలంగాణలో మన తాతముత్తాతలు చాలాచోట్ల ఒంటరిగా సంఘంలోకి రాలేదు. వాడకు వాడే, పెద్దలతో కూర్చుని ఆలోచించుకొని వచ్చింది. కలిసి వచ్చినవాళ్లు విడివిడిగా నిలబడాలంటే కష్టమే. ఇవాళ సిరిసిల్ల, వేములవాడ, జగిత్యాల పల్లెల నుంచి ఎందరో గల్ఫ్‌లో ఉన్నారు. అప్పు తీరేదాకా క్యాంపు గదిలో మోకాళ్ల మీద ఉన్నవాడు, ఇల్లు కట్టి స్లాబు పోశాక ప్రార్థన మరిచిపోవచ్చు. అది అతని ఒఫ్రా. అటువంటివాడికి వారపు సెలవునాడు ఊరి నుంచి నలుగురు ఫోన్లో కలిస్తే అదే క్లాసు. కాపలా కావాల్సింది అప్పుల రోజుల్లో కన్నా స్లాబు పోసిన రోజుల్లోనే.

పడినవాడికి ఇంకొక మాట. పేతురు నిప్పుల మంట దగ్గర మూడుసార్లు ప్రభువును ఎరగనన్నాడు. తిబెరియ సముద్రం ఒడ్డున ఇంకో నిప్పుల మంట దగ్గర ప్రభువు అతన్ని మూడుసార్లు అడిగాడు. లెక్కకు లెక్క సరిపోయింది. కానీ ఒక్కసారి కూడా శిక్ష వేయలేదు, అడిగిన ప్రతిసారీ గొర్రెలను మేపే పని అప్పగించాడు. తిరిగి వచ్చినవాణ్ణి వెనక బల్లమీద కూర్చోబెట్టడం ప్రభువు పద్ధతి కాదు. మంచినీళ్లు అందించే పనైనా సరే, వచ్చిన వారమే అతని చేతికి ఒక పని ఇవ్వాలి.

సమ్సోనును కట్టడానికి సొంతవాళ్లు 3,000 మంది వచ్చారు. విడిపించడానికి అంతమంది అక్కర్లేదు. వారం వారం వచ్చి తలుపు తట్టే ఒక్కడు చాలు. ఈ వారం ఎవరి తలుపు తట్టాలో మనలో ప్రతి ఒక్కరికీ ఒక పేరు తెలిసే ఉంటుంది.